సొంత ఓటు, అరువు ఓటు: ఫ్రాన్స్‌లో జాతీయవాద అభ్యర్థుల బలాన్ని ఎలా లెక్కగట్టాలి
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక అంకె చెబుతాను. 7.07. 2022 ఏప్రిల్ 10న జరిగిన ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక తొలి రౌండులో ఎరిక్ జెమ్మూర్‌కు వచ్చిన ఓట్ల శాతం అది. ఓట్లుగా చెప్పాలంటే 24 లక్షల 85 వేలు. అంతకు ఆరు నెలల ముందు, 2021 అక్టోబరులో, ఒక సర్వే ఆయనకు 17 శాతం ఇచ్చింది. జాతీయవాదుల పాత నాయకురాలు మరీన్ లె పెన్‌ను దాటేశాడనీ, పదవిలో ఉన్న అధ్యక్షుడు మాక్రాన్‌తో తుది పోరు ఆయనదేననీ పత్రికలు రాశాయి. అప్పటికాయన అభ్యర్థి కూడా కాదు. ఏనాడూ ఏ పదవికీ పోటీ చేసినవాడు కాదు. పత్రికల్లో రాసేవాడు, టీవీ చర్చల్లో వాదించేవాడు, అంతే.

17 నుంచి 7కు పడిపోయాడు కాబట్టి గాలిబుడగ పేలిందని చాలామంది తేల్చేశారు. నేను ఒప్పుకోను. అక్కడ తొలి రౌండులో ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే, మొదటి ఇద్దరి మధ్య రెండో రౌండు జరుగుతుంది. అదే ఎన్నికలో రెండు వారాల తర్వాత, మాక్రాన్‌తో జరిగిన ఆ రెండో రౌండులో మరీన్ లె పెన్‌కు 41.45 శాతం వచ్చింది. తండ్రితో సహా లె పెన్ కుటుంబంలో ఎవరికీ అంతకుముందు అంత రాలేదు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక అభ్యర్థికి వచ్చిన ఓట్లలో ఆ అభ్యర్థి నచ్చి వేసిన సొంత ఓటెంత, ఎదుటివాళ్లు నచ్చక వేసిన అరువు ఓటెంత, ఎన్నికల నిబంధనల వల్ల కలిసొచ్చిందెంత, పోయిందెంత? ఈ మూడూ విడదీయకుండా 'ఫ్రాన్స్ జాతీయవాదం వైపు మళ్లింది' అన్నా, 'మళ్లలేదు' అన్నా ఆ మాటకు విలువ ఉండదు.

పోటీలోకి దిగడమే అక్కడ ఒక గండం. మన దగ్గర లోక్‌సభకు స్వతంత్రంగా నిలబడేవాళ్లయినా డిపాజిట్ కట్టి, నామినేషన్ పత్రం మీద పది మంది ప్రతిపాదకుల చేత సంతకం పెట్టిస్తే సరిపోతుంది. అక్కడ అధ్యక్ష పదవికి నిలబడాలంటే ఎన్నికైన ప్రజాప్రతినిధుల సంతకాలు 500 కావాలి. మేయర్లు, ఎంపీలు, సెనేటర్లు, జిల్లా, ప్రాంతీయ కౌన్సిలర్లు, ఇలా అర్హులైనవాళ్లు 40 వేల పైచిలుకు ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది చిన్న ఊళ్ల మేయర్లే. 500 సంతకాలూ ఒకేచోట ఏరుకుంటే కుదరదు. కనీసం 30 జిల్లాల నుంచి రావాలి, ఏ ఒక్క జిల్లా నుంచీ 50కి మించకూడదు. ఒక ప్రతినిధి ఒక్కరికే సంతకం ఇవ్వాలి, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు. 2016లో చట్టం మార్చాక ఆ పత్రాన్ని అభ్యర్థి మనుషులు పోగుచేసి తెచ్చివ్వడం కూడా చెల్లదు. సంతకం పెట్టిన ప్రతినిధే, ఎన్నికను పర్యవేక్షించే రాజ్యాంగ మండలికి పంపాలి. ఎవరెవరు ఎవరికి ఇచ్చారన్న జాబితాను మండలి వారానికి రెండుసార్లు బయటపెడుతుంది.

చిక్కంతా ఆ జాబితా దగ్గరే. నాలుగు వందల గడపలున్న పల్లెకు మేయరుగా ఉన్నాయన జాతీయవాద అభ్యర్థికి సంతకం పెడితే, మర్నాటికల్లా జిల్లా పత్రికలో పేరొస్తుంది. పక్క ఊళ్లతో కలిసి నీటి పథకమో బడి బస్సో నడుపుకునే మనిషికి అది తలనొప్పి. అందుకే సర్వేల్లో లక్షల మంది మద్దతున్నా సంతకాల దగ్గర ఇలాంటి అభ్యర్థులు వణికిపోతారు. 1981లో మరీన్ తండ్రి జాఁ మరీ లె పెన్ 500 సంతకాలు తేలేక పోటీకే దూరమయ్యాడు. 2022లో మరీన్‌కు చివరి వారం దాకా ఇదే దిగులు. ఆమెకు బద్ధ ప్రత్యర్థి, మధ్యేవాద నాయకుడు ఫ్రాన్స్వా బైరూ, లక్షల మంది ఓటర్ల అభ్యర్థి పోటీలో లేకపోతే ప్రజాస్వామ్యానికే మచ్చ అంటూ తన సంతకం ఆమెకు ఇచ్చాడు. చివరికి ఆమెకు 622, జెమ్మూర్‌కు 741 అందాయి. కొత్తగా వచ్చినవాడికి పాత పార్టీ కన్నా ఎక్కువ సంతకాలు! జెమ్మూర్ సంప్రదాయ మితవాద ఓటర్లకు దగ్గరగా నిలబడ్డాడని ఈ ఒక్క అంకె ముందే చెప్పింది. ఆ రోజుల్లో దీన్ని గమనించినవాళ్లు తక్కువ.

ఇక జెమ్మూర్‌కు ఓటేసినవాళ్లు ఎవరు? వివరంగా చూడాల్సింది ఇక్కడే. 'జాతీయవాద ఓటరు' అని మనం ఒకే ముద్ద చేసి మాట్లాడే మనిషి నిజానికి ఇద్దరు మనుషులు.

ఒకరు ఉత్తరాన పా-ద-కలే జిల్లాలో ఉంటారు. బొగ్గు గనుల సీమ అది. చివరి గని 1990లో మూతపడింది. ఆ జిల్లాలోని ఎనాఁ-బోమోఁ పట్టణం దశాబ్దాల పాటు సోషలిస్టుల కంచుకోట. 2014లో లె పెన్‌ల పార్టీ నేషనల్ ఫ్రంట్ అభ్యర్థి అక్కడ తొలి రౌండులోనే మేయరయ్యాడు. 2022లో మరీన్ లె పెన్‌కు ఆ జిల్లా తొలి రౌండులో దాదాపు 39 శాతం ఇచ్చింది. కార్మికులు, చిన్న జీతాల ఉద్యోగులు, గిడ్డంగుల్లోనూ ఆసుపత్రుల్లోనూ షిఫ్టులు చేసేవాళ్లు, రోజూ పనికి కారులో పోక తప్పనివాళ్లు వీళ్లు. రెండోవారు పారిస్ 16వ వార్డులో ఉంటారు. దేశంలోకెల్లా ఖరీదైన పేటల్లో అదొకటి. అక్కడ జెమ్మూర్‌కు 17 శాతం పైన వచ్చింది. మొత్తం పారిస్ నగరంలో ఆయనకు 8 శాతం, మరీన్‌కు ఐదున్నర. దేశమంతటా ఆమెకన్నా మూడు రెట్లు వెనుకబడిన మనిషి రాజధానిలో ఆమెను దాటాడు. దక్షిణాన మధ్యధరా తీరంలో, సెయింట్ ట్రోపే లాంటి సంపన్నుల ఊళ్లలో ఆయనకు 20 శాతం పైన పడింది. పెద్ద వయసువాళ్లు, ఆస్తిపరులు, క్రమం తప్పక చర్చికి వెళ్లే క్యాథలిక్కులు, 2017లో మితవాద అభ్యర్థి ఫియ్యోఁకు ఓటేసి ఆ పార్టీ మీద ఆశ వదులుకున్నవాళ్లు, ఇదీ ఆయన బలగం. ఇజ్రాయెల్‌లో ఉంటున్న ఫ్రెంచి పౌరుల్లో ఓటేసినవాళ్లు తక్కువే గానీ, వాళ్లలో సగం మందికి పైగా ఆయనకే వేశారు.

ఇద్దరు ఓటర్లకూ వలసల మీద కోపం ఒకటే. జేబు దగ్గరకొచ్చేసరికి దారులు వేరు. 2022 మార్చిలో పెట్రోలు లీటరు రెండు యూరోలు దాటింది. మరీన్ లె పెన్ ఇంధనం మీద, కరెంటు మీద పన్నును 20 నుంచి 5.5 శాతానికి తగ్గిస్తానంది. వంద నిత్యావసరాల మీద పన్నే ఎత్తేస్తానంది. చిన్న వయసులోనే పనిలో చేరినవాళ్లకు 60 ఏళ్లకే పింఛను ఇస్తానంది. జెమ్మూర్ పదవీ విరమణ వయసును 64కు పెంచుతానన్నాడు, కుటుంబ వ్యాపారాలు వారసులకు పన్ను లేకుండా దక్కేలా చేస్తానన్నాడు. నాగరికత గురించి, ఫ్రెంచి చరిత్ర గురించి, పిల్లలకు పెట్టాల్సిన పేర్ల గురించి గంటల తరబడి మాట్లాడాడు. గని ఊళ్లోని కార్మికుడు ఆ ప్రసంగానికి చప్పట్లు కొట్టవచ్చు. కానీ 64 ఏళ్ల దాకా పనిచేయమన్నవాడికి ఓటు వేయడు. వేయలేదు కూడా.

పడిపోవడానికి ఇంకో కారణం ఉక్రెయిన్. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. ఉక్రెయిన్ శరణార్థులు పోలండ్‌లో ఉంటేనే మంచిదని జెమ్మూర్ అన్నాడు. పుతిన్‌ను మెచ్చుకుంటూ లోగడ అన్న మాటలు అప్పటికే చుట్టుకున్నాయి. అసలు ఆయన వైపు వచ్చిన భద్రజీవి ఓటరుకు గట్టి నాయకుడు కావాలి గానీ, గందరగోళం అక్కర్లేదు. యుద్ధం వచ్చేసరికి వాళ్లలో కొందరు మాక్రాన్ పంచన చేరారు. ఇంకొందరు, గెలిచే అవకాశం మరీన్‌కే ఉందని లెక్క వేసుకుని అటు వెళ్లారు. ఫ్రాన్స్‌లో దీన్ని 'పనికొచ్చే ఓటు' అంటారు. ఓటు వృథా చేసుకోకూడదు, తుది పోరుకు చేరగలిగినవాళ్లకే వేయాలి అన్న ఆలోచన. ఆ ఏడాది మొదటి ముగ్గురూ దానివల్లే ఉబ్బారు, మిగతావాళ్లు దానివల్లే ఎండిపోయారు.

మరి సర్వేల సంగతేమిటి? 17 అన్నది అబద్ధమా? అబద్ధం అనను. ఆ అంకె ఎలా తయారవుతుందో తెలిస్తే దాని బలహీనత కూడా తెలుస్తుంది. ఫ్రెంచి సర్వే సంస్థలు వెయ్యి మందిని వయసు, లింగం, వృత్తి, ప్రాంతం లెక్కన కోటాలు వేసి, ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారా అడుగుతాయి. వెయ్యి మందిలో 17 శాతం అంటే రెండు పాయింట్లకు పైగా అటూ ఇటూ కావచ్చు. అది చిన్న తేడా. పెద్ద పని తర్వాత ఉంటుంది, దాన్ని సవరణ అంటారు. 'కిందటిసారి ఎవరికి వేశారు?' అని అడిగి, ఆ జవాబును అసలు ఫలితంతో పోల్చి, ఇప్పటి జవాబుకు తూకం వేస్తారు. ఒకప్పుడు లె పెన్‌కు ఓటేసినవాళ్లు ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు. అందుకని పచ్చి లెక్కలో వచ్చినదాన్ని పెంచి చూపేవారు. జెమ్మూర్‌కు 'కిందటిసారి' లేదు. తూకంరాయే లేనప్పుడు త్రాసు ఎంత మంచిదైనా ఏం లాభం? పైగా ఎన్నికలకు ఆరు నెలల ముందు జవాబిచ్చేది రాజకీయాల మీద ఆసక్తి మెండుగా ఉన్నవాళ్లు. టీవీ చర్చల మనిషి వాళ్లకు ముందే తెలుసు. ఏప్రిల్ నెలలో ఓటు వేయబోయే మిగతా జనం అప్పటికింకా ఆలోచించడమే మొదలుపెట్టలేదు.

టీవీ అన్నాను కాబట్టి ఒక్క మాట. ఫ్రాన్స్‌లో రాజకీయ నాయకులు తెరమీద మాట్లాడిన ప్రతి నిమిషాన్నీ లెక్కిస్తారు. విశ్లేషకుడికి ఆ లెక్క ఉండదు. 2019 శరదృతువు నుంచి జెమ్మూర్ ఒక వార్తా ఛానల్లో రోజూ సాయంత్రం కూర్చున్నాడు, గడియారం నడవలేదు. 2021 సెప్టెంబరులో నియంత్రణ సంస్థ ఆయన నిమిషాలను కూడా లెక్కించమంది, దాంతో ఆ కార్యక్రమం నుంచి తప్పుకున్నాడు. చివరి రెండు వారాల అధికారిక ప్రచారంలోనైతే అభ్యర్థులందరికీ సమానంగా సమయం ఇవ్వాలి. బయటి మనిషికి పేరు తెచ్చిపెట్టిన లాభం, సరిగ్గా ఓటు పడే ముందు కరిగిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి.

2002. జాఁ మరీ లె పెన్ తొలి రౌండులో 48 లక్షల 5 వేల ఓట్లతో, 16.86 శాతంతో, సోషలిస్టు ప్రధాని జోస్పాఁను సుమారు లక్షా 95 వేల ఓట్ల తేడాతో వెనక్కి నెట్టి తుది పోరుకు చేరాడు. పదహారు మంది పోటీలో ఉండి వామపక్ష ఓటు ముక్కలు కావడం ఆయనకు కలిసొచ్చింది. ఆయన నుంచి చీలిపోయిన మెగ్రేకు మరో 6 లక్షల 67 వేలు. ఇద్దరివీ కలిపితే 54 లక్షల 72 వేలు. రెండో రౌండులో లె పెన్‌కు వచ్చినవి 55 లక్షల 25 వేలు. పెరిగింది 53 వేలు. అది కూడా పోలింగ్ బాగా పెరిగిన రోజున! సొంత ఓటు తప్ప అరువు ఓటు దాదాపు సున్నా. లె పెన్‌ను ఆపడానికి దేశమంతా కలిసి గోడ కట్టింది అంటే అర్థం ఇది.

2017. మరీన్‌కు తొలి రౌండులో 76 లక్షల 78 వేలు, రెండో రౌండులో 1 కోటి 6 లక్షలు. దాదాపు 30 లక్షలు పెరిగింది. 2022లో తొలి రౌండు 81 లక్షల 34 వేలు, రెండో రౌండు 1 కోటి 32 లక్షల 89 వేలు. పెరిగింది 51 లక్షల 55 వేలు. ఇందులో జెమ్మూర్ ఓట్లు 24 లక్షల 85 వేలూ, మరో జాతీయవాద అభ్యర్థి డ్యుపోఁ-ఎన్యాఁ ఓట్లు 7 లక్షల 25 వేలూ గంపగుత్తగా ఆమెకే బదిలీ అయ్యాయనుకుందాం. అలా పూర్తిగా ఎప్పుడూ బదిలీ కావు, అయినా అనుకుందాం. అప్పటికీ ఇంకా 19 లక్షలకు పైగా ఓట్లకు లెక్క తేలదు. అవి ఆ శిబిరం బయటి నుంచి వచ్చినవే.

ఎక్కడి నుంచి? గ్వాడెలూప్ చూడండి. ఫ్రాన్స్‌లో భాగమైన కరీబియన్ దీవి, జనంలో ఎక్కువమంది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులు. తొలి రౌండులో అక్కడ వామపక్ష నాయకుడు మెలాంషోఁకు 56 శాతం పడింది. రెండో రౌండులో మరీన్ లె పెన్‌కు 69 శాతం దాటింది. రెండు వారాల్లో ఆ దీవి జాతీయవాదం పుచ్చుకుందా? లేదు. టీకా వేయించుకోని ఆసుపత్రి సిబ్బందిని సస్పెండ్ చేశారన్న కోపం, కుళాయి నీళ్లు సరిగా రాని ఏళ్ల నాటి గోడు, అధిక ధరలు, ఇవన్నీ మాక్రాన్ మీదకు మళ్లాయి. అరువు ఓటు అంటే ఇదే. వేసిన చేతికి నచ్చినదాని గురించి ఆ ఓటు చెప్పదు, నచ్చనిది ఎవరో చెబుతుంది.

జెమ్మూర్ అసలు ప్రభావం ఇక్కడ కనిపిస్తుంది. ఆయన 'రీమైగ్రేషన్' మంత్రిత్వ శాఖ పెడతానన్నాడు, అంటే వచ్చినవాళ్లను వెనక్కి పంపే శాఖ. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలతో చేతులు కలిపిన పెతాఁ ప్రభుత్వం ఫ్రెంచి యూదులను కాపాడిందని వాదించాడు. చరిత్రకారులు ఆధారాలతో కొట్టిపారేసిన వాదన అది. 2022 జనవరిలో జాతి విద్వేషాన్ని రెచ్చగొట్టినందుకు కోర్టు ఆయనకు జరిమానా వేసింది. ఈ హోరు పక్కన నిలబడి ధరల గురించి నెమ్మదిగా మాట్లాడే మరీన్ మెతక మనిషిలా కనిపించింది. వలసల మీద ఆమె కార్యక్రమంలో పెద్దగా మారిందేమీ లేదు. ఉద్యోగాల్లో, ఇళ్లలో ఫ్రెంచి పౌరులకే ముందు చోటు అన్న సూత్రం అలాగే ఉంది. మారింది పక్కన నిలబడిన మనిషి. నా దృష్టిలో 7.07 శాతంతో జెమ్మూర్ చేసిన అతిపెద్ద పని, తెలిసో తెలియకో, ఇదే. దీన్ని తేలిగ్గా తీసుకోవడం ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

శాతాల విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. 41.45 అన్నది చెల్లిన ఓట్లలో శాతం. నమోదైన ఓటర్లు 4 కోట్ల 87 లక్షలు. ఆ లెక్కన ఆమెకు పడింది 27 శాతం. 28 శాతం మంది ఓటే వేయలేదు. మరో 22 లక్షల మంది పోలింగ్ బూత్ దాకా వచ్చి ఖాళీ ఓటు వేశారు. అక్కడ యంత్రంలో మీట నొక్కడం అరుదు. బల్లమీద ప్రతి అభ్యర్థికీ ఒక దొంతర చొప్పున కాగితాలుంటాయి. ఎవరికి వేస్తున్నారో తెలియకుండా ఓటరు కనీసం రెండు రకాలు తీసుకోవాలి, ఒక కవరు తీసుకోవాలి. తెర చాటుకు వెళ్లి ఒక కాగితం కవరులో పెట్టి, బయటికొచ్చి అద్దంలా కనబడే పెట్టెలో వేస్తే, అధికారి 'ఓటు వేశారు' అని పైకి చెబుతాడు. ఖాళీ కవరు వేసినా, తెల్ల కాగితం పెట్టినా అది ఖాళీ ఓటు. మన నోటా లాగే విడిగా లెక్కిస్తారు గానీ, అభ్యర్థుల శాతాల్లో కలపరు. 2017 రెండో రౌండులో ఖాళీవీ చెల్లనివీ కలిపి 40 లక్షలు దాటాయి. ఆ గోడలో బీటలు మొదట కనిపించింది ఆ ఖాళీ కవర్లలోనే.

పార్లమెంటు సీట్ల దగ్గర నిబంధన ఇంకా కఠినం. 1986లో ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇచ్చే దామాషా పద్ధతి పెట్టారు, 9.65 శాతం ఓట్లతో నేషనల్ ఫ్రంట్‌కు 35 సీట్లు. 1988లో పాత రెండు రౌండ్ల పద్ధతికి తిరిగొచ్చారు, దాదాపు అదే శాతం ఓట్లతో ఒక్క సీటు. ఓటరు కదలలేదు, చట్టం కదిలింది. ఈ పద్ధతిలో రెండో రౌండుకు చేరాలంటే మొదటి ఇద్దరిలో ఉండాలి, లేదా నమోదైన ఓటర్లలో 12.5 శాతం రావాలి. 2022 జూన్‌లో జెమ్మూర్ తనకు బాగా పడిన సెయింట్ ట్రోపే ప్రాంతంలోనే నిలబడి 23 శాతం తెచ్చుకుని మూడో స్థానంలో ఆగిపోయాడు. దేశంలో పోలింగ్ 47.5 శాతం ఉన్న రోజు అది. అలాంటి పోలింగ్‌లో 23 శాతం అంటే నమోదైనవాళ్లలో సుమారు 11. గడప దాటలేదు. ఆయన పార్టీ రెకాంకెత్‌కు 577లో ఒక్క సీటూ రాలేదు. అదే రోజుల్లో మరీన్ పార్టీ 89 గెలిచింది. 2024లో మిత్రులతో కలిపి 143. అప్పుడు మూడేసి మంది నిలిచిన చోట్ల వామపక్షం, మధ్యేవాదులు రెండు వందలకు పైగా అభ్యర్థులను ఉపసంహరించుకుని ఉండకపోతే ఆ సంఖ్య ఎంతో పెరిగేది.

(సభికుల్లో ఒకరు: మన పుదుచ్చేరి ప్రాంతం వాళ్లకూ ఈ ఓటు ఉంటుందంటారు, నిజమేనా?)

నిజమే. 1954 దాకా మన యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహే ఫ్రెంచి పాలనలో ఉన్నాయి. విలీన ఒప్పందం 1962లో అమల్లోకి వచ్చాక కొన్ని కుటుంబాలు ఫ్రెంచి పౌరసత్వాన్నే ఎంచుకున్నాయి. వాళ్ల వారసులు అక్కడి పోలింగ్ కేంద్రాల్లో ఇప్పటికీ ఫ్రాన్స్ అధ్యక్షుడికి ఓటేస్తారు. పౌరసత్వం ఎవరికి, ఏ ప్రాతిపదికన అన్న చర్చ ఆ ఇళ్లలో టీవీ చర్చ కాదు, బీరువాలో భద్రంగా పెట్టుకున్న కాగితాల సంగతి.

ఇంకో ప్రశ్న చీటీ వచ్చింది: 2027 ఫలితాల రాత్రి దేన్ని చూడాలి, దేన్ని నమ్మకూడదు? ఫ్రాన్స్ సమయం రాత్రి ఎనిమిదికి తెరమీద వచ్చే అంకె ఓటు వేసి బయటికి వచ్చినవాళ్లను అడిగి రాబట్టింది కాదు. ముందే ఎంచుకున్న కొన్ని వందల బూతుల్లో నిజంగా విప్పిన కాగితాల నుంచి కట్టిన అంచనా. అందుకే చాలావరకు దగ్గరగా ఉంటుంది. హోంశాఖ వెబ్‌సైట్లో మొదట కనిపించే లెక్కతో మాత్రం జాగ్రత్త. చిన్న ఊళ్లలో పోలింగ్ ఏడింటికే ముగుస్తుంది, పెద్ద నగరాల్లో ఎనిమిదికి. పల్లె పెట్టెలు ముందు తెరుచుకుంటాయి కాబట్టి జాతీయవాద అభ్యర్థి శాతం తొలి గంటల్లో ఎక్కువగా కనిపించి, పారిస్, లియోఁ, మార్సెయ్ లెక్కలు వచ్చేకొద్దీ దిగుతుంది. దిగడం ఆగాక అంకె రాసుకోండి. రెండు వారాల తర్వాత వచ్చే రెండో రౌండు అంకెను దాని పక్కనే రాసి తీసివేత చేయండి.